తొమ్మిదో గొట్టం

మంగళవారం, రాత్రి పదిన్నర

పొద్దున్న ఆరింటికే నాన్న ఫోను. దాళ్వాకి వంతులు పెట్టారు, మన శివారు చేనుకి చుక్క రాలేదు, తూము పక్క చేలల్లో మాత్రం మోకాలి లోతు నిలబడిపోయింది, కాలవ నీళ్ళు పంచే ఆ లస్కరు కనపడితే చెప్తానని ఒకటే గోల. రావులపాలెంలో అరటిగెలల లారీ అడ్డంగా ఆగిపోయి బస్సు ఇరవై నిమిషాలు కదల్లేదు, అంతసేపూ ఆ తిట్లే విన్నా.

వెళ్ళేసరికి సీటీ స్కాన్ రెడీగా ఉంది. మూడు వారాల క్రితం రొమ్ములో క్యాన్సర్ గడ్డ తీసిన పెద్దావిడ. చిన్న గడ్డే, చంకలోకి పాకలేదు, అందుకే రొమ్మంతటికీ కాకుండా గడ్డ తీసిన చోటు చుట్టూరానే రేడియేషన్. పద్నాలుగు సన్నటి ప్లాస్టిక్ గొట్టాలు, వాటిల్లోకి రేడియేషన్ చిమ్మే ఇరీడియం గింజ వెళ్ళి అయిదేసి మిల్లీమీటర్లకి ఒకచోట ఆగుతుంది, ఎక్కడ ఎన్ని సెకన్లు ఆగాలో లెక్క కట్టడం నా పని. పూటకి 3.4 గ్రే (రేడియేషన్ డోసు కొలత), రోజుకి రెండు పూటలు, మధ్యలో కనీసం ఆరు గంటల ఎడం, మొత్తం పది పూటల్లో 34.

మొదటి ప్లాన్ అంకెల్లో బంగారం, 96 శాతం కవరేజీ, అంటే అందాల్సిన చోటులో అంత భాగానికి పూర్తి డోసు. తీరా స్కాన్ స్లైసులు ఒక్కోటీ తిప్పి చూస్తే తొమ్మిదో గొట్టం చర్మానికి నాలుగే మిల్లీమీటర్ల దూరం! అక్కడ చర్మం మీద అనుకున్న డోసులో 128 శాతం. ఇప్పుడు ఎర్రబడితే పడింది, ఏళ్ళు గడిచాక అక్కడ గట్టిపడిపోయి ఎర్రటి సన్న రక్తనాళాలు తేలితేనో. తొమ్మిదిలో సెకన్లు తగ్గిస్తే ఆ వైపు అంచుకి అందట్లేదు, పోనీ పక్క గొట్టాల్లో పెంచుదామంటే వాటి చుట్టూ 150 శాతం డోసు మడుగులు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతున్నాయి. పొద్దున్న నాన్న తిట్టింది నన్నేనేమో అని నవ్వొచ్చింది.

పెరుగన్నం డబ్బా మూత తియ్యలా. రెండింటికి చర్మం 94కి దిగింది, కవరేజీ 92, డోసు ఎంత సమంగా పరుచుకుందో చెప్పే హోమోజెనిటీ ఇండెక్స్ 0.64 నుంచి 0.75కి ఎక్కింది. డాక్టరుగారు ఆ నాలుగు శాతం పోతే పోనీ అన్నారు. ఆప్టిమైజేషన్ బటన్ నొక్కితే అన్నీ అదే సర్దేస్తుందని మా జూనియర్ నమ్మకం, నాకైతే సూది గుచ్చినప్పుడే సగం ప్లాన్ అయిపోయినట్టే, అదే ఇంకో అర సెంటీమీటరు లోపలికి పోయుంటే ఈ కుస్తీయే లేదు. రేపు థియేటర్లో ఈ మాట నెమ్మదిగా చెప్పాలి, నెమ్మదిగానే.

సాయంత్రం మొదటి పూట. టైము విని ఆవిడ మొహం మాడిపోయింది. "మా ఊరావిడకి ఏడు నిమిషాల్లో అయిపోయిందంటమ్మా, నాకు పదమూడంటున్నారు, ముదిరిపోయిందా ఏంటి?"

"లేదు పిన్నిగారూ, ఆవిడప్పుడు గింజ కొత్తది. 74 రోజులకి దాని బలం సగానికి పడిపోద్ది, అందుకని ఎక్కువసేపు ఉంచుతాం, మందు మాత్రం అంతే."

"ఆయ్, సన్నసెగ మీద పెట్టినట్టు" అని పడుకుంది.

ఇందాక మళ్ళీ నాన్న. నీళ్ళొచ్చాయంట, గట్టు తెగేలా ఉందంట.