కామెట్‌కి మళ్ళీ చెక్క క్యాబినే

మా పాత లారీ కామెట్‌ని బాగుచేసే పని మొదలైనప్పట్నుంచి షెడ్డుకి వచ్చినవాళ్ళంతా ఒకటే మాట. "ఇంత ఖర్చు పెడుతున్నావు, చక్కగా ఇనప క్యాబిన్ ఎక్కించుకోవచ్చుగా? ఇంకా చెక్కేంటి?" పాత బండిది ఒకటి తెచ్చి బిగిస్తే పదిరోజుల్లో అయిపోతుందని లెక్క కూడా కట్టి చూపిస్తారు. నా మంచి కోరే చెబుతున్నారు, కాదనను. కానీ నేను ఈ బండి కొన్నదే ఆ చెక్క క్యాబిన్ చూసి. ఇంజినూ చాసీ మద్రాసు పక్కన ఎన్నూరులో కంపెనీ చేసింది. క్యాబిన్ మాత్రం మన బెజవాడ వడ్రంగులు చేశారు. దాన్ని పీకి పారేశాక ఇక నేను బాగుచేసేదేముంది?

బండి 1974 మోడల్ అశోక్ లేలాండ్ కామెట్. ముక్కు లేని రకం. గుడివాడ వైపు ఒక రైస్ మిల్లు వెనక, ఊక గుట్ట పక్కన ఏళ్ళ తరబడి నిలబడిపోయింది. మిల్లు వాళ్ళు ఆర్‌సీ పుస్తకం జాగ్రత్తగా దాచారు, అదే నా అదృష్టం. పాత మూడక్షరాల నెంబరు. కొనేముందు నేను చేసిన మొదటి పని చాసీ మీద నెంబరు వెతకడం. తుప్పు గీకి, కిరసనాయిలు గుడ్డతో తుడిచి, తెల్లకాగితం అంటించి పెన్సిల్‌తో రుద్దితే ఒక్కో అంకె పైకి తేలింది. పుస్తకంలో ఉన్నదానితో అక్షరం పొల్లుపోకుండా సరిపోయింది. అప్పుడు గానీ బయానా ఇవ్వలేదు. పాత లారీ కొనాలనుకునే వాళ్ళెవరైనా ఉంటే ఇంజిన్ తిరుగుతుందా లేదా అని తర్వాత చూడండి, ముందు ఆ పెన్సిల్ ప్రింటు తీయండి.

ఇప్పటి కుర్రాళ్ళకి తెలియకపోవచ్చు గానీ, అప్పట్లో లారీ కొనడమంటే చాసీ కొనడమే. చక్రాలు, ఇంజిన్, స్టీరింగ్, గ్రిల్లు ఉన్న రేకు ముఖం, అంతే. తలుపుండదు, పైకప్పుండదు, సరైన సీటు కూడా ఉండదు. డ్రైవర్లు చెక్కపెట్టె మీద కూర్చుని, తలకీ ముఖానికీ తువ్వాలు చుట్టి, కళ్ళజోడు పెట్టుకుని మద్రాసు నుంచి బెజవాడ దాకా 400 పైచిలుకు కిలోమీటర్లు అలాగే తోలుకొచ్చేవాళ్ళు. మా నాన్న కూడా తెచ్చాడు. వానొస్తే తడవడమే, ఎండ కాస్తే మాడడమే. ఆటోనగర్లో షెడ్డుకి చేరాకే అది లారీ అయ్యేది. ఏ షెడ్డు మేస్త్రి చేతి వాటం ఆ షెడ్డుది. తలుపు వంపు చూసి ఇది ఫలానా వాళ్ళు కట్టిన బాడీ అని నాన్న రోడ్డు మీద దూరం నుంచే చెప్పేసేవాడు.

ఈ కామెట్ చేసిన కంపెనీని రఘునందన్ శరణ్ 1948లో అశోక్ మోటార్స్ పేరుతో పెట్టినప్పుడు వాళ్ళు బిగించింది ఆస్టిన్ కార్లు. ఇంగ్లండు లేలాండ్ కంపెనీతో ఒప్పందం కుదిరాక 1951లో మొదటిగా బయటికొచ్చినవి నాలుగు కామెట్ టిప్పర్లు, మంగుళూరులో పెంకుల ఫ్యాక్టరీకి వెళ్ళాయి. అశోక్ లేలాండ్ అన్న పేరు 1955లో వచ్చింది. అటు టాటా వాళ్ళు 1954 నుంచి మెర్సిడెస్ బెంజ్‌తో కలిసి లారీలు చేస్తున్నారు. వాటికి ముందు పొడుగాటి ముక్కు. డ్రైవర్ ఇంజిన్ వెనకాల కూర్చుంటాడు. మా కామెట్లో అలా కాదు. ఇంజిన్ క్యాబిన్ లోపలే, డ్రైవర్‌కీ క్లీనర్‌కీ మధ్య, ఒక మూత కింద. ముక్కు లేక మిగిలిన జాగా మేర వెనక తొట్టి పొడవు పెరుగుతుంది, నాలుగు బస్తాలు ఎక్కువ పడతాయి. ఓనరుకి అది లాభం. అమెరికాలోనూ లారీ పొడవు మీద పరిమితులు ఉన్నన్నాళ్ళూ ఇలాంటి చదును ముఖం బళ్ళే హైవేల మీద రాజ్యమేలాయి. 1982లో అక్కడ చట్టం మారి, పెద్ద హైవేల మీద మొత్తం బండి పొడవు లెక్క పోయేసరికి మళ్ళీ ముక్కు బళ్ళకి మళ్ళారు. వాళ్ళ క్యాబిన్లు ముందుకు వంగేవి కూడా. వైట్ కంపెనీ 3000 మోడల్లో 1949కే ఆ ఏర్పాటు ఉంది. మన చెక్క క్యాబిన్ వంగదు. మెకానిక్కే లోపల వంగాలి.

ఓనరు లాభానికి డ్రైవర్ ఎడమ కాలు బలి. ఈ మాట నేను కోపంగానే రాస్తున్నాను. మే నెలలో నూజివీడు మామిడి వేసుకుని వెళ్ళి వచ్చిన నాన్న ఎడమ పిక్క మీద చర్మం కమిలిపోయి ఉండేది. బయట రోహిణి ఎండ, పక్కన ఉడుకుతున్న ఇంజిన్. అమ్మ రాత్రిపూట వెన్న రాసేది. ఆ మూత మీదే చలికాలంలో క్లీనర్లు దుప్పటి పరుచుకుని పడుకునేవాళ్ళు, అది వేరే సంగతి. 2025 అక్టోబర్ 1 నుంచి తయారయ్యే లారీల క్యాబిన్లో ఏసీ ఉండి తీరాలని కేంద్రం నిబంధన తెచ్చింది. ఆ వార్త చదివిన రోజు నాకు గుర్తొచ్చింది ఆ పిక్కే. ఎన్నడో రావాల్సిన రూలు.

ఇక పని సంగతి. పై రేకులు ఊడదీస్తే తెలిసింది లోపలి పరిస్థితి. చెక్క క్యాబిన్ పైనుంచి చెడదు, కింది నుంచి చెడుతుంది. ముందు అద్దం ఫ్రేము సందుల్లోంచి దిగిన నీళ్ళు రేకుకీ చెక్కకీ మధ్య జారి, తలుపు కింది దూలం మీద నిలుస్తాయి. ఆరడానికి గాలి ఆడదు. ఎడమవైపు దూలంలో స్క్రూడ్రైవర్ గుచ్చితే పిడి దాకా దిగింది. లోపల చెక్క తడిసిన అటుకుల్లా చేతికొచ్చింది. మేకులు కొట్టిన ప్రతిచోటా తుప్పు చెక్కలోకి ఇంకి నల్లటి మచ్చ. అయినా తలుపుల స్తంభాలు, పైకప్పు కమ్ములు మాత్రం చెక్కు చెదరలేదు. టేకు. వేలితో తడితే ఇప్పటికీ ఖంగుమంటుంది.

మేస్త్రి కోసం చాలా తిరిగాను. ఆటోనగర్లో ఇప్పుడు వెల్డింగ్ వాళ్ళు ఎంతమందైనా ఉన్నారు, క్యాబిన్ కట్టిన వడ్రంగులు వేళ్ళ మీద లెక్కపెట్టాలి. చివరికి ఒక పెద్దాయన దొరికారు. డెబ్భై దాటాయి, తలుపులు గుమ్మాలు చేసుకుంటున్నారు. "ఇప్పుడెవరికి కావాలి అబ్బాయ్ ఇవన్నీ" అన్నారు. "నాకు కావాలి బాబాయ్, ఒక్కసారి వచ్చి చూడండి" అని బండి దగ్గరికి తీసుకొచ్చాను. చూశారు. మాట్లాడలేదు. పైకప్పు లోపలి అట్ట తీసి, కమ్మి మీద చెయ్యి పెట్టి తడుముతూ పోయి ఒకచోట ఆగారు. అక్కడ వడ్రంగి పెన్సిల్‌తో రాసిన అంగుళాల కొలతలు, పక్కన "కు" అని ఒక అక్షరం. కుడివైపు ముక్క అని గుర్తు. అవతలి కమ్మి మీద "ఎ". యాభై ఏళ్ళుగా అట్ట కింద ఉండిపోయింది కాబట్టి చెరిగిపోలేదు. "ఇది మా గురువు గారి షెడ్డు పని. ఎడమా కుడీ ఇలా రాసేది ఆయనే" అన్నారు. మర్నాడు పొద్దున్నే ఉలి, చిత్రిక, బాడిత సంచిలో వేసుకుని వచ్చేశారు.

ఆయన పని చూడ్డం నాకు ఈ మొత్తం వ్యవహారంలో దొరికిన పెద్ద సంతోషం. అన్నిటికన్నా కష్టమైనది ముందు మూల స్తంభం. అది నిలువునా వంగాలి, అద్దం వైపు లోపలికి కూడా ఒదగాలి. వంపు చెక్కని నిప్పు మీద వంచరు, ఆవిరి పెట్టరు. వెడల్పాటి టేకు పలకలోంచి కోసి తీయాల్సిందే. అట్టముక్కతో ఫర్మా కత్తిరించి, పలక మీద పెట్టి, చెక్క పొర ఎటు పోతోందో చూసి, ఫర్మాని అటూ ఇటూ తిప్పి మళ్ళీ పెట్టేవారు. పొర వంపుని అడ్డంగా కోస్తే గుంటలో పడ్డ రోజు అక్కడే విరుగుతుందట. ఒక పలక అలాగే పక్కన పెట్టేశారు. నేను ధర తలుచుకుని ఊరుకున్నాను. దూలంలో గాడి తీసి స్తంభం కుసి అందులో దిగేస్తే, జిగురు లేకుండా, బోల్టు లేకుండా నిలబడింది. బోల్టు తర్వాత బిగించారు. "బోల్టు పట్టుకోవడానికి కాదు అబ్బాయ్, ఊగకుండా ఉండటానికి" అన్నారు.

పాడైన చోట మాత్రమే కొత్త చెక్క. బాగున్న పాత టేకు ఎక్కడిదక్కడే. పెన్సిల్ రాతలున్న రెండు కమ్ములకీ నూనె రాసి వదిలేశాం, వాటి మీద రంగు పడనివ్వలేదు. మేకులకి బదులు తుప్పు పట్టని స్క్రూలు. దూలానికి కింద నీళ్ళు కారిపోయేలా బెజ్జాలు పెట్టాం. పాత క్యాబిన్లో అవి లేకే అంత నష్టం జరిగింది. రేకు కప్పేముందు చెక్కకి రెండు చేతులు ప్రైమర్, రేకు లోపలి వైపు రెడ్ ఆక్సైడ్.

ఇంజిన్ గురించి ఎక్కువ రాయను, అది తెలిసిన పనే. గ్రిల్లు, రేడియేటర్ తీసి, చైన్ పుల్లీ వేసి ముందుకి లాగాం. లైనర్లు, పిస్టన్లు, బేరింగులు కొత్తవి. ఇంజెక్షన్ పంపు సర్వీసుకి ఇచ్చాం. గ్యాస్కెట్ల కోసం తమిళనాడులో నామక్కల్ దాకా వెళ్ళాల్సి వచ్చింది. పాత లేలాండ్ సామాను మీద అక్కడి వాళ్ళకున్న పట్టు వేరు. ఒక్క హెచ్చరిక మాత్రం చెప్పాలి. ఈ బళ్ళకి రింగు డిస్కులు, అంటే టైరు ఊడిపోకుండా విడి ఇనప రింగు పట్టి ఉంచే చక్రాలు. గాలి కొట్టేటప్పుడు రింగు సరిగ్గా కూర్చోకపోతే ఎగిరి మనిషి ప్రాణం తీస్తుంది. తుప్పు పట్టిన రింగుని గీకి వాడుకుందాం అనుకోవద్దు, పారేయండి. గాలి కొట్టేటప్పుడు చక్రానికి గొలుసు చుట్టండి, ఎదురుగా ఎవర్నీ నిలబడనివ్వకండి.

పాతదాన్ని ఉన్నదున్నట్టు ఉంచాలా, మనకి కావలసినట్టు మార్చుకోవాలా అని పాత బళ్ళ వాళ్ళు ఎప్పుడూ వాదించుకుంటారు. చెక్క క్యాబిన్ లారీకి ఆ వాదన అతకదని నా అభిప్రాయం. ఇది పుట్టడమే ఒక ఓనరు అడిగినట్టు, ఒక మేస్త్రి కట్టినట్టు పుట్టింది. కాబట్టి క్యాబిన్ లోపల నేనూ నాకు కావలసినవి అడిగాను. ఇంజిన్ మూత కింద మంటకి తట్టుకునే గ్లాస్ ఊల్, దాని కింద అల్యూమినియం రేకు. ఇప్పుడు గంట తోలాక కూడా మూత మీద చెయ్యి పెట్టి ఉంచొచ్చు. ముందు రెండు అద్దాలూ చదునువే, లామినేటెడ్‌వి కోయించి వేశాను. సీటు బెల్టులు చెక్కకి బిగించలేదు. చాసీకి ముందునుంచీ ఉన్న బెజ్జాలకే ఇనప ఫ్రేము బోల్టు చేసి దానికి పెట్టించాను. వెనక పడక పలక నాన్న ఎత్తుకి సరిపోయేలా పొడవు పెంచాను. పాత పలక మీద ఆయన మోకాళ్ళు ముడుచుకునే పడుకునేవాడు. స్టీరింగ్, బ్రేకులు, చాసీల జోలికి మాత్రం పోలేదు. కంపెనీ ఇచ్చిన వివరాలకి విరుద్ధంగా బండి మార్చకూడదని 2019లో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది, అది సరైనదే.

బాధ పెట్టేది ఇంకో రూలు. 2021లో కేంద్రం వింటేజ్ బళ్ళకి ప్రత్యేక రిజిస్ట్రేషన్ తెచ్చింది. 50 ఏళ్ళు దాటి ఉండాలి, అసలు రూపంలో ఉండాలి. చాలా మంచి ఆలోచన. కానీ అందులో ఉన్నవి సొంతానికి వాడుకునే టూ వీలర్లూ కార్లే. లారీకి చోటు లేదు. నా కామెట్ యాభై దాటింది, అయినా కాగితాల మీద అది ఇంకా సరుకు మోసే బండే, ఏటా ఫిట్‌నెస్‌కి కొత్త లారీల వరసలో నిలబడాల్సిందే. ఒక ఆఫీసులో అడిగితే "లారీని దాచుకోవడమేంటండీ" అని ఆశ్చర్యపోయారు. రాజుల కార్లు దాచుకున్నాం, బాగానే ఉంది. ఈ దేశానికి బియ్యం, సిమెంటు, మామిడిపళ్ళు మోసిన బండిని కూడా దాచుకోవాలి. రేపు లారీలని చేర్చినా "అసలు రూపం" అంటే ఏమిటో ముందు తేల్చాలి. కంపెనీ కాగితాల్లో మా క్యాబిన్ బొమ్మే ఉండదు. ఉన్న ఒకే ఒక్క రుజువు ఆ పైకప్పు కమ్ముల మీది పెన్సిల్ కొలతలు.

అందుకే బాబాయ్ గారి చేత ప్రతి ముక్కకీ ప్లైవుడ్ మీద ఫర్మా గీయించాను. మూల స్తంభాలు, తలుపు వంపు, పైకప్పు కమ్ములు, అద్దం ఫ్రేము, అన్నీ కొలతలతో సహా షెడ్డు గోడకి తగిలించి ఉన్నాయి. ముక్కు లేని కామెట్‌కి చెక్క క్యాబిన్ కట్టించాలనుకునే వాళ్ళు ఎవరైనా వచ్చి గీసుకెళ్ళొచ్చు, పైసా అక్కర్లేదు. మీ ఇళ్ళలో పాత లారీ ముందు నిలబడి దిగిన ఫోటోలుంటే పంపండి, పెళ్ళి ఊరేగింపువైనా సరే, ఓపెనింగ్ రోజు పూజవైనా సరే. తలుపు, మూల స్తంభం కనబడితే చాలు. అది ఏ షెడ్డు పనో బాబాయ్ గారు చూసి చెప్తానన్నారు.