కారం తెలిసింది, సంతోషం తెలియలేదు

కడప కారం దోసె అంటే నాకు ప్రాణం. ఎర్రకారం పూసి, పైన పప్పుల పొడి చల్లి, పెనం మీద నుంచి నేరుగా ఆకులోకి వచ్చే దోసె. డిప్రెషన్‌లో ఉన్నప్పుడు అదే తిన్నాను. నాలుక మండింది, కళ్లలో నీళ్లు తిరిగాయి. సంతోషం మాత్రం కలగలేదు. ఒంటిమిట్టలో పున్నమి వెన్నెల్లో రాములవారి కల్యాణం చూస్తున్నా అంతే. అందరూ చేతులెత్తి మొక్కుతుంటే ఊరికే నిలబడ్డాను.

దయచేసి దీన్ని బద్ధకమనో పొగరనో అనకండి. ఏదీ సంతోషం ఇవ్వని ఈ స్థితిని వైద్యులు అన్‌హెడోనియా అంటారు. పైకి దిగులు కనిపించకపోయినా, రెండు వారాల పాటు దేని మీదా ఆసక్తి లేకపోవడం డిప్రెషన్ ప్రధాన లక్షణాల్లో ఒకటి. నాది బైపోలార్, అంటే మనసు ఒకప్పుడు డిప్రెషన్‌లోకి, ఒకప్పుడు మితిమీరిన ఉత్సాహంలోకి ఊగే జబ్బు. నిద్ర లేకుండా ఉత్సాహంతో ఊగిపోయిన రోజుల గురించి కూడా డాక్టరుకు చెప్పాలి. బైపోలార్ ఉన్నవారికి డిప్రెషన్ మందు ఒక్కటే ఇస్తే మనసు ఉన్మాదం వైపు మళ్లే ప్రమాదం ఉంది.

మా అక్క గుచ్చి గుచ్చి అడగలేదు. సాయంత్రాలు పక్కన కూర్చుని అనపకాయలు ఒలిచేది, కొన్ని నా ముందుకు తోసేది. ఆమె రుణం తీర్చుకోలేను.

మీ ఇంట్లో ఎవరైనా ఇలా ఉంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్‌కు, 14416కు ఫోన్ చేయండి. ఉచితం. తెలుగులోనే మాట్లాడవచ్చు.