నార దారి తప్పని దీపం

జపాన్ భాషలో ‘హిరు అందోన్’ అనే మాట ఒకటి ఉంది. పట్టపగలు వెలిగించిన అందోన్ అని దాని అర్థం. పక్కనే ఉన్నా ఎవరికీ అక్కరకు రాని మనిషిని అలా అంటారు. చెక్క చట్రానికి కాగితం అంటించి, లోపల నూనె ప్రమిదలో వత్తి వెలిగించే పాతకాలపు దీపమే అందోన్. గాలికి వత్తి ఆరిపోకుండా కాగితం కాపాడేది. జపాన్ చరిత్రలోని ఎదో యుగంలో (1603–1868) కలిగినవారు అందులో రేప్‌సీడ్ నూనె పోసేవారు, లేనివారు పొగా వాసనా భరించి సార్డిన్ చేపల నూనెతో సరిపెట్టుకునేవారు. కాగితం చాటున మినుకుమినుకుమనే ఆ వెలుగు ఎండలో కంటికి ఆనదు కనుక ఆ సామెత పుట్టింది. అయితే నా బల్లమీద ఉన్న కుమికో దీపానికి ఆ సామెత వర్తించదని నా నమ్మకం. వెలిగించని వేళ కూడా నేను దానివైపు చూస్తూ ఉండిపోతాను, ఎందుకంటే అందులోని పని పగటి వెలుగులోనే బాగా కనిపిస్తుంది.

కుమికో అంటే సన్నని చెక్క బద్దలను మేకు కొట్టకుండా ఒకదానిలో ఒకటి ఇమిడ్చి జాలీగా కూర్చే వడ్రంగం. నారా నగరం దగ్గరి హోర్యూజీ ఆలయంలో, ప్రపంచంలో నేటికీ నిలిచి ఉన్న అతి పురాతన చెక్క కట్టడాల పిట్టగోడల్లోనే, ఈ కూర్పు తొలి రూపం కనిపిస్తుంది. తరవాతి శతాబ్దాల్లో ఇది కాగితం అంటించిన షోజి తలుపుల్లోకీ, గదుల మధ్య తలుపులపైన అమర్చే రమ్మ పలకల్లోకీ చేరింది. తాతామి చాపలు పరిచిన గదులు కొత్త ఇళ్లలో తగ్గిపోవడంతో పనివారు దీపాల వంటి చిన్న వస్తువులవైపు కూడా మళ్లారు. ఫుకువోకా ప్రాంతంలో చికుగో నది ఒడ్డున ఉన్న ఓకావా పట్టణం ఈ పనికి పేరుపొందింది. 2013లో క్యూషూ దీవిలో మొదలైన ‘సెవెన్ స్టార్స్’ విలాస రైలు పెట్టెల్లో కనిపించే కుమికో అక్కడిదే.

ఈ పని ఎంత కష్టమో చదివి తెలుసుకోవడం వేరు, చేతితో తెలుసుకోవడం వేరు. ఒకసారి నేను మెత్తని చెక్క బద్దలతో మిత్సుకుదె అనే కూర్పును ప్రయత్నించాను. మూడు బద్దలు అరవై డిగ్రీల కోణంలో ఒకే చోట కలుసుకోవాలి. ఒకదానికి పైనుంచి మూడింట రెండు వంతుల లోతు గాడి, మరొకదానికి కిందినుంచి అంతే లోతు గాడి, మధ్యదానికి పైనుంచి ఒక వంతు, కిందినుంచి ఒక వంతు తియ్యాలి; అప్పుడే మూడూ ఒకే మట్టానికి వస్తాయి. ఇలా ఏర్పడిన త్రిభుజాల గళ్లలో, మూలల నుంచి నడుముకు వచ్చి కలిసే మూడేసి చిన్న ముక్కలను బిగిస్తే అసనోహా అనే పువ్వులాంటి నమూనా తయారవుతుంది. ఆ ముక్కకు ఒక కొస ముప్పై డిగ్రీలకు, రెండో కొస అరవై డిగ్రీలకు రెండు పక్కలా చిత్రిక పట్టాలి. ముక్క వెంట్రుకవాసి పొట్టిదైతే రాలిపోతుంది, పొడుగైతే చట్రాన్నే వంచేస్తుంది. ఒక గడి సరిగా బిగిసేసరికి నాకు పూట గడిచింది. నా దీపానికి ఒక్క వైపే అలాంటి గళ్లు డెబ్బైకి పైగా ఉన్నాయి.

అసా అంటే నార కోసం పెంచే హెంప్ మొక్క, హా అంటే ఆకు. ఆ మొక్క ఊతకర్ర లేకుండానే నిటారుగా, వేగంగా ఎదుగుతుంది. తమ బిడ్డ కూడా అలాగే ఎదగాలని తల్లులు పసిపిల్లల బట్టలమీద ఈ నమూనా వేయించేవారు. దుష్టశక్తులు దరిచేరవన్న నమ్మకమూ దానికి తోడైంది. పందొమ్మిదో శతాబ్ది ఆరంభంలో ఐదో ఇవాయ్ హన్షిరో అనే కబుకీ నాటకాల నటుడు రంగస్థలం మీద ఈ నమూనా దుస్తులు ధరించాక ఎదో నగర (నేటి టోక్యో) స్త్రీలందరూ దాన్ని కోరుకున్నారట. తాబేటి డిప్పను తలపించే ఆరు పలకల కిక్కో దీర్ఘాయువుకు గుర్తు. ఒకదానిమీద ఒకటి పావు వంతు చొప్పున కమ్ముకునే వలయాల షిప్పో ఎడతెగని అనుబంధాలకు గుర్తు, అలల వరసల సెయిగైహా ప్రశాంతమైన కాలానికి గుర్తు. ఈ చివరి రెండింటికీ వంపులు కావాలి కనుక తిన్నని బద్దలతో పనిచేసే వడ్రంగికి అవి మరింత పరీక్ష పెడతాయి. అన్నింటిలోనూ నాకు అసనోహాయే ఇష్టం: నిటారుగా ఎదిగే మొక్క పేరు పెట్టుకున్న నమూనాను నిటారైన నార (చెక్కలోని పోగుల వరస) ఉన్న హినోకి (జపాన్ సైప్రస్), సుగి (జపాన్ సెడార్) చెక్కలతోనే కూర్చడం ఎంతో సబబుగా తోస్తుంది.

ఈ నార సంగతే కొనేవారు అన్నిటికన్నా ముందు చూడవలసింది. పలుచని ప్లైవుడ్ పలకను లేజర్‌తో కోసి ఇవే నమూనాలు తీసిన దీపాలు ఇప్పుడు విరివిగా దొరుకుతున్నాయి. దూరం నుంచి తేడా తెలియదు. దగ్గరికి వెళ్లి చూస్తే అలాంటి పలక పైపొరలో నార మొత్తం ఒకే దిక్కుకు పోతుంది, కోసిన సన్నని గీతల అంచులు కాలి నల్లబడి ఉంటాయి. చేతితో కూర్చినదానిలో ప్రతి బద్దలోనూ నార ఆ బద్ద పొడుగునా నడుస్తుంది, గీత ఎటు తిరిగితే నార అటు తిరుగుతుంది. కొన్ని మిల్లీమీటర్ల మందమే ఉన్న బద్ద విరగకుండా నిలబడేది ఆ బలంతోనే. చవక దీపాన్ని కొనుక్కునేవారిని నేను తప్పుపట్టను. దాన్ని కుమికో అని అమ్మడం మాత్రం అన్యాయం.

నా దీపంలో జాలీ వెనుక తెల్లని వాషి (జపాన్ సంప్రదాయ కాగితం) ఉంది. కాగితం లేకుండా చిన్న బల్బు పెడితే నమూనా నీడ గోడమీద పెద్దదిగా, పదునుగా పడుతుంది. కాగితం ఉంటే వెలుగు మెత్తబడి, అసనోహా గీతలు ఆ తెలుపుమీదే నల్లగా నిలుస్తాయి. నాకు ఈ రెండో పద్ధతే నచ్చుతుంది. ఎల్‌ఈడీ బల్బు పెద్దగా వేడెక్కదు కనుక సన్నని చెక్కకూ కాగితానికీ భయం లేదు. మొన్న కాగితం పసుపుబారితే పాతదాన్ని తడిపాను. పిండి జిగురు కాబట్టి చెక్కకు దెబ్బ తగలకుండా ఊడి వచ్చింది. ఇన్నేళ్ల వెలుగుకు బద్దలు బయటివైపు తేనె రంగుకు తిరిగాయి. కాగితం అంటుకుని ఉన్న లోపలివైపు మాత్రం చెక్క ఇంకా కొత్తదానిలా లేతగానే ఉంది, తడి తగలగానే హినోకి వాసన కూడా వచ్చింది.