నాలుగు మెట్ల మీద రెండు స్వరాలు

ప్రతి ఆదివారం ఉదయం సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి, వశిష్ఠ గోదావరి దాటి, నరసాపురంలో వీణ నేర్పే ఒక పెద్దావిడ దగ్గరకు వెళ్తున్నాను. నాకు 47 ఏళ్లు. మిగిలిన రోజుల్లో ఒక సహకార సంఘంలో పద్దులు రాస్తాను. సంగీతంలో పాడేదానిని లక్ష్యమనీ, దాని శాస్త్రాన్ని లక్షణమనీ అంటారు. నేను వెళ్లింది లక్ష్యం కోసమే అయినా, ఈ ఏడాదిన్నరలో నన్ను గట్టిగా పట్టుకున్నది లక్షణం.

చిన్నప్పుడు రెండేళ్లు ఒక చోట నేర్చుకున్నాను. సరళీ వరుసలు, జంట వరుసలు, అలంకారాలు నిద్రలో అడిగినా చెప్పేదానిని. అయితే, స్వరాలు ఏడైనప్పుడు స్వరస్థానాలు 12 ఎలా అయ్యాయి, ఆ పన్నెండింటికి మళ్లీ 16 పేర్లు ఎందుకు వచ్చాయి అని అడిగిన రోజున నాకు దక్కినది ఒక మొట్టికాయ, ‘అవన్నీ పెద్దయ్యాక’ అన్న సమాధానం. ఆ తరువాత అడగడం మానేశాను, కొన్నాళ్లకు వెళ్లడమే మానేశాను. పది నిమిషాల్లో పదేళ్ల పిల్లకు కూడా అర్థమయ్యేలా చెప్పగలిగిన సంగతి అది. పిల్లలకు లక్షణం అక్కరలేదనే వాదనతో నేను ఇప్పటికీ ఏకీభవించలేను.

ఇప్పుడు వీణ నేర్పే అమ్మగారు ఆ పది నిమిషాలూ వీణ ముందు పెట్టుకుని చెప్పారు. వీణకు 24 మెట్లు, స్థాయికి, అంటే ఒక షడ్జం నుంచి పై షడ్జం దాకా, పన్నెండు చొప్పున, నల్లటి మైనంలో అమర్చి ఉంటాయి. సారణి అనే మొదటి తీగను ఏ మెట్టూ నొక్కకుండా మీటితే షడ్జం. ఏడవ మెట్టు పంచమం. ఈ రెండూ కదలవు. ఐదవ మెట్టు శుద్ధ మధ్యమం, ఆరవది ప్రతి మధ్యమం. ఇక మిగిలినవి మొదటి నాలుగు మెట్లు.

“ఈ నాలుగింటిలో ఏవైనా రెండు చెప్పమ్మా” అన్నారు.

“ఒకటీ, నాలుగూ అండీ.”

“కిందది రిషభం, పైది గాంధారం. మరో రెండు చెప్పు.”

“రెండూ, నాలుగూ.”

“అప్పుడూ అంతే. కిందది రి, పైది గ. మరి ఒకటీ, రెండూ తీసుకుంటే?”

అప్పుడు రెండవ మెట్టు గాంధారమైంది. క్షణం క్రితం అదే మెట్టు, అదే ధ్వని, రిషభం. పక్కన కింది మెట్టు ఉంటే దాని పేరు శుద్ధ గాంధారం, పై మెట్టు ఉంటే చతుశ్శ్రుతి రిషభం. మూడవ మెట్టు కూడా అలాగే ఒకసారి సాధారణ గాంధారం, మరొకసారి షట్శ్రుతి రిషభం. పంచమం పైన ధైవత నిషాదాలకూ ఇదే ఏర్పాటు. అంటే రెండు పేర్లున్న స్థానాలు నాలుగు, కనుక పన్నెండింటికి పదహారు పేర్లు. పేరు ధ్వనిది కాదు, వరుసలో దాని స్థానానిది. వదినగారిని ఆమె పుట్టింట్లో ఆడపడుచు అన్నట్టే ఇది కూడా.

మరునాడు సంఘంలో మధ్యాహ్నం తీరిక దొరకగానే, పాత రసీదు వెనుక ఎర్ర కలంతో లెక్క వేశాను. నాలుగు మెట్లలో రెండింటిని ఎంచుకునే విధాలు ఆరు: ఒకటి-రెండు, ఒకటి-మూడు, ఒకటి-నాలుగు, రెండు-మూడు, రెండు-నాలుగు, మూడు-నాలుగు. కింద ఆరు, పైన ఆరు, కలిపితే 36. మధ్యమం శుద్ధమైతే ఒక 36, ప్రతి అయితే మరొక 36. మొత్తం 72 మేళాలు, అంటే రాగాలకు మూలమైన ఏడు స్వరాల వరుసలు. 17వ శతాబ్దంలో వేంకటమఖి చతుర్దండి ప్రకాశికలో చూపిన లెక్క నా చేతి కింద, ఎరువుల రసీదు మీద, పైసా తేడా లేకుండా సరిపోయింది. 1930లో మా రాజోలు ప్రాంతంలోని శంకరగుప్తంలో పుట్టిన మంగళంపల్లి బాలమురళీకృష్ణ చిన్న వయసులోనే ఆ 72 మేళాలలోనూ కృతులు రచించారని మా ఊళ్లలో అందరూ గర్వంగా చెప్పుకుంటారు. నేనూ చెప్పేదానిని. ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో తెలిశాక ఆయన పూనుకున్న పని ఎంతటిదో మొదటిసారి అర్థమైంది.

మాయామాళవగౌళ రాగం సంగతి కూడా ఆ రసీదు మీదే తేలింది. రి-గ జంటల్లో మూడవది, అంటే ఒకటి-నాలుగు. ద-ని జంటల్లోనూ మూడవదే. ఒక్కో రి-గ జంటతో వచ్చే ఆరు మేళాలను ఒక చక్రం అంటారు. మొదటి రెండు చక్రాలకు ఆరేసి చొప్పున పన్నెండు పోగా, మూడవ చక్రంలో మూడవ మేళం, అంటే 15. అక్షరాలను అంకెలుగా చదివే కటపయాది సూత్రం ప్రకారం ‘మా’కు 5, ‘యా’కు 1, తిరగవేస్తే అదే 15. సరి-గమ మధ్య ఎడం ఎంతెంత ఉందో పద-నిస మధ్య కూడా అంతే ఉంటుంది కాబట్టి, కింది సగం గొంతుకు పట్టుబడితే పై సగం దాని వెంటే వస్తుంది. పురందరదాసు తొలి పాఠాలకు ఈ రాగాన్ని ఏర్పరచారని సంప్రదాయం చెబుతుంది.

షడ్జం విషయంలో నాకు సాయపడినది పంటు. నడిగోదావరిలోకి వచ్చాక ఇంజను మోత నిలకడగా సాగుతుంది. ఆ మోతను షడ్జంగా పట్టుకుని, రేలింగు దగ్గర నిలబడి, వరుసలు లోలోపల పాడుకునేదానిని. ఆ మాట చెబితే అమ్మగారు, “ఈసారి దానినే పంచమం అనుకో. కిందకు దిగి షడ్జం వెతుక్కో” అన్నారు. ఆ సాయంత్రం తిరుగు పంటులో ప్రయత్నించాను. షడ్జం రెండుసార్లు కంపించేలోగా పంచమం మూడుసార్లు కంపిస్తుందని చదివిన మాట మనసులో ఉంది గాని, గొంతు మెల్లగా దిగి ఆ చోటు తాకే వరకు ఏమీ తోచలేదు. తాకగానే అదే ఇంజను మోత మారిపోయినట్టు వినిపించింది. ఉదయం కాళ్ల కింద నేలలా ఉన్న ధ్వని ఇప్పుడు ఎత్తున నిలబడి ఉంది. ధాన్యం కొలిచేటప్పుడు మా వైపు ‘ఒకటి’ అనకుండా ‘లాభం’ అని మొదలుపెడతారు. ఏ రాశి దగ్గర నిలబడి ఆ మాట అంటే అక్కడే కొలత ఆరంభం. షడ్జం కూడా అటువంటిదే.

లెక్కకు అందనిది మొన్న తోడి రాగం దగ్గర ఎదురైంది. ఎనిమిదవ మేళం, మూడవ మెట్టు మీద సాధారణ గాంధారం. అంతవరకు తడుముకోకుండా చెప్పాను. అమ్మగారు అవునని, తీగ మీటారు. వినిపించిన గాంధారం నేను చెప్పిన మెట్టు దగ్గర నిలవలేదు. రిషభం వైపూ మధ్యమం వైపూ ఊగుతూ, ఎక్కడా ఆగకుండా, అయినా గాంధారంగానే వినిపించింది. నేను మెట్లు లెక్కపెడుతుంటే ఆవిడ చూసి, “వేలు ఎంత జరుగుతోందో చూడమ్మా” అన్నారు. మెట్టు మీద తీగ అడ్డంగా అంగుళంలో సగమైనా జరగలేదు. మళ్లీ మీటమని అడిగాను, ఆవిడ మీటారు. మరోసారి అడిగాను. మూడు పంటులు వెళ్లిపోయాయి. వచ్చే ఆదివారం నా వేలితో ఆ తీగను లాగిస్తామన్నారు.