సింగ్ నగర్ ఇంటి వైరింగ్ తనిఖీ: ఎర్త్ లోపం దొరికింది, మోటారు మిగిలింది

ఇప్పటికి అయినవి మెయిన్ బోర్డు, హాలు, వంటిల్లు, పెరట్లో ఎర్త్ గొయ్యి. మేడ మీద గది, గీజరు లైను, మోటారు బోర్డు ఇంకా ఉన్నాయి.

ఇల్లు మా పిన్ని వాళ్లది, విజయవాడ అజిత్ సింగ్ నగర్‌లో. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకు కింది గదుల్లో నడుము లోతు నీళ్లు నిలిచాయి. ఆ తర్వాత గోడలకు రంగులేశారు, ఫ్రిజ్ మార్చారు, స్విచ్ బోర్డులు మాత్రం పైపైన తుడిచి వదిలేశారు. "లైట్లు వెలుగుతున్నాయి, ఫ్యాన్లు తిరుగుతున్నాయి, ఇంకా ఏం చూస్తావురా?" అని పిన్ని. లైటు వెలగడానికి కరెంటు తెచ్చే ఫేజు, తిరిగి పంపే న్యూట్రల్ ఉంటే చాలు. లీకైన కరెంటును భూమిలోకి దింపే ఎర్త్ వైరు తెగిపోయినా ఇంట్లో ఏదీ ఆగదు కాబట్టి అది పోయిన సంగతి ఎవరికీ తెలియదు. నాకు టెన్షన్ అంతా దాని గురించే.

మెయిన్ ఆపి, టెస్టర్‌తో సరిచూసుకుని హాల్లో టీవీ సాకెట్ విప్పాను. లోపల డబ్బాలో బుడమేరు మట్టి గట్టిపడి ఉంది, వేలితో గీకితే పొడిగా రాలింది. రాగి తీగ కొసల మీద ఆకుపచ్చని చిలుము. ఇలా చిలుము పట్టిన జాయింటు కరెంటును సరిగ్గా పోనివ్వక వేడెక్కుతుంది. దాని స్క్రూ పక్కన ప్లాస్టిక్ అప్పటికే గోధుమ రంగుకు తిరిగింది. వాసన గానీ, పొగ గానీ ఇంకా మొదలు కాలేదు. నీళ్లు తగిలిన ఎత్తులో ఉన్న సాకెట్లు, స్విచ్‌లు అన్నీ మార్చాలని అక్కడే తేల్చుకున్నాం. వీటిని శుభ్రం చేసి మళ్లీ బిగించడం నాకు ఇష్టం లేదు.

ఇక ఎర్త్. మల్టీమీటర్‌తో ఫేజుకూ ఎర్త్‌కూ మధ్య చూస్తే ఒకసారి 150 వోల్టులు, ఇంకోసారి 190. ఆ అంకెల్ని నమ్మడానికి లేదు, ఎక్కడా తగలని వైరుకు కూడా మీటర్ ఏదో ఒకటి చూపిస్తుంది. అందుకని లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌ను పిలిపించాను. ఆయన 100 వాట్ల బల్బును ఫేజుకూ ఎర్త్‌కూ మధ్య పెట్టారు. ఎర్త్ బాగుంటే బల్బు నిండుగా వెలగాలి, ఇక్కడ మిణుకు కూడా లేదు. ఈ పరీక్ష ఎవరూ సొంతంగా చేయొద్దు. ఎర్త్ తెగి ఉంటే ఆ బల్బు గుండా వచ్చే కరెంటు ఫ్రిజ్, వాషింగ్ మెషిన్ బాడీలన్నిటికీ పాకుతుంది. ముందుగా వాటి ప్లగ్గులన్నీ తీయించి, పిల్లల్ని బయటికి పంపాకే చేశాం.

పెరట్లో తవ్వితే కారణం కనిపించింది. పైపు దగ్గర క్లాంపు తుప్పు పట్టి ఊడిపోయింది, వైరు మట్టిలో విడిగా పడి ఉంది. కొత్త గొయ్యి తీసి రెండున్నర మీటర్ల జీఐ (జింకు పూత ఉన్న ఇనుప) పైపు దింపి, చుట్టూ బొగ్గు, ఉప్పు వరసలుగా పోశారు. ఎర్త్ టెస్టర్‌లో 4 ఓములు వచ్చింది. ఎండాకాలంలో మట్టి ఎండిపోతుంది కనుక అప్పుడప్పుడు అందులో నీళ్లు పోయమని బాబాయికి చెప్పాను.

ఎర్త్ కుదిరింది కదా, ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను తెంచే స్విచ్) ఎందుకని బాబాయి అడిగారు. లెక్క కట్టి చూపించాను. ఫేజు ఫ్రిజ్ బాడీకి తగిలితే ఎర్త్‌లోకి పోయే కరెంటు, 230 వోల్టుల్ని 4 ఓములతో భాగిస్తే, దాదాపు 57 ఆంపియర్లు, అంతకుమించి పోదు. సీ రకం 16 ఆంపియర్ల ఎంసీబీ (కరెంటు మరీ ఎక్కువైతే పడిపోయే స్విచ్) తక్షణం పడిపోవాలంటే కనీసం 80 కావాలి. 57 దగ్గర అది వేడెక్కి పడటానికి కొన్ని సెకన్లు పడుతుంది. ఆ లోపు ఫ్రిజ్ బాడీ మీద చెయ్యి ఉంటే? 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీకి ఆ మాత్రం లీకే చాలు, సెకనులో మూడో వంతు కూడా తీసుకోదు. గవర్నర్‌పేటలో ఐఎస్ఐ గుర్తున్నది కొని, ఎలక్ట్రీషియన్ చేతే వేయించాం.

వేయగానే పడిపోయింది. ఎంసీబీలన్నీ దించినా నిలబడలేదు. సింగిల్ పోల్ ఎంసీబీ ఫేజును మాత్రమే తెంచుతుంది, న్యూట్రల్ అలాగే ఉంటుంది కాబట్టి, న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య లీకు వెతకాలి. మెయిన్ ఆపి న్యూట్రళ్లు ఒక్కొక్కటే విప్పి, 500 వోల్టుల మెగ్గర్‌తో (వైర్ల ఇన్సులేషన్ కొలిచే మీటర్) కొలిస్తే వంటింటి లైనులో దాదాపు సున్నా చూపించింది. కనీసం 1 మెగాఓమ్ ఉండాలి. గ్రైండర్ సాకెట్ వెనక మట్టిలో ఆ రెండు వైర్లూ కలిసిపోయి ఉన్నాయి. ఆ ముక్క కొత్తది లాగాక 50 దాటింది, ఆర్‌సీసీబీ నిలబడింది. టెస్ట్ బటన్ నొక్కితే టక్కున పడుతోంది. నెలకోసారి నొక్కడం పిన్ని బాధ్యత.

గీజరు 2000 వాట్లు, అంటే దాదాపు 9 ఆంపియర్లు. సన్నని లైటు వైరు మీదనే ఇచ్చారేమోనని అనుమానం, విప్పి చూడాలి. మోటారు బోర్డు కూడా వరదలో మునిగిందే. వచ్చే ఆదివారం ముందు దాని స్టార్టర్ విప్పుతాను, అప్పటిదాకా దాన్ని వేయొద్దని బోర్డుకు చీటీ అంటించి వచ్చాను.