అది రీజన్ కాదమ్మా

డిసెంబరులో మా డెట్రాయిట్ వైపు సాయంత్రం ఐదింటికే చీకటి పడిపోతుంది. ఆరు గంటలకు నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి మా పదేళ్ళ అమ్మాయి సోఫాలో కూర్చుని గోళ్ళు కత్తిరించుకుంటోంది. “దీపాలు పెట్టాక గోళ్ళు తీయకూడదు, రేపు పొద్దున తీసుకో” అన్నాను. ఎందుకని అడిగింది. కూడదంటే కూడదన్నాను.

“అది రీజన్ కాదమ్మా, రూల్.”

(ఆ రోజు మంగళవారం. మంగళవారం పగలైనా గోళ్ళు తీయకూడదన్న సంగతి నాకే గుర్తు లేదు.)

బడిలో ఈ ఏడాది ఆ మాటే రుద్దుతున్నారు. ఏ అభిప్రాయం రాసినా కింద రీజన్లు రాయాలి. కుక్కపిల్ల కావాలంటూ నాలుగు రీజన్లతో మొన్న నాకు అర్జీ పెట్టుకుంది. మురిసిపోయి ఫ్రిజ్‌కు అతికించాను. కుక్కపిల్లను మాత్రం తేలేదు.

సరే, నేనూ ఒక కారణం చెప్పాను. పూర్వం కరెంటు ఉండేది కాదు, గుడ్డిదీపం వెలుగులో తీస్తే వేలు తెగుతుంది, గోరు ముక్క ఎగిరి అన్నంలో పడుతుంది. “ఇది మంచి రీజన్” అంది. గెలిచానని నేను పొంగిపోయేలోగా తలెత్తి గదిలో లైట్లు లెక్కపెట్టింది. “ఆరు ఉన్నాయి. రీజన్ పోయింది కదా, రూల్ ఇంకా ఎందుకుంది?”

“వితండవాదం చేయకు” అన్నాను. జవాబు దొరకనప్పుడు మా ఇంట్లో పెద్దవాళ్ళు విసిరే మాట అది. అన్నాక సిగ్గేసింది. తెలుగు పండితుడి కూతురిని, ఆ మాటకు అర్థం తెలియనిదాన్నేమీ కాను. తన పక్షం ఏదీ నిలబెట్టకుండా ఎదుటివాడి పక్షాన్ని పడగొట్టడమే వితండ. నా కూతురి పక్షం స్పష్టంగానే ఉంది, గోళ్ళు పెరిగాయి, తీసుకోవాలి. ఏ పక్షమూ లేనిది నాకే.

ఆదివారం ఫోనులో నాన్నగారికి ఫిర్యాదు చేశాను. ఆయన మనవరాలిని మందలించకుండా తర్కసంగ్రహం మొదలుపెట్టారు. పదిహేడో శతాబ్దంలో మన అన్నంభట్టు రాసిన తర్కశాస్త్ర పుస్తకం. కొండ మీద నిప్పుంది, ఎందుకంటే పొగ ఉంది. పొగ ఉన్నచోట నిప్పు ఉంటుంది, వంటింట్లో లాగా. అందులో పొగ హేతువు అని వివరించారు.

“మా వంటింట్లో నిప్పు ఉండదు తాతయ్యా. కరెంటు పొయ్యి. అమ్మ తాలింపు పెడితే పొగ వస్తుంది, అలారం కూడా మోగుతుంది.”

“హేత్వాభాసం పట్టేసిందే!” అని ఆయన ఒకటే నవ్వు. హేతువులా కనబడే తప్పుడు హేతువన్నమాట. ఇదే వయసులో నేను ఎందుకని అడిగితే ఎదురు చెప్పకు అన్నది ఈయనే. ఆ రాత్రి చాలాసేపు నాకు మనసు ఉడికింది, కూతురి మీద కాదు.

రీజన్ అనే మాట ఇంగ్లీషువాళ్ళకు బాగా కలిసొచ్చింది. లాటిన్లో లెక్క అనే అర్థమున్న మాట నుంచి వచ్చిందట. మన రేషను కార్డులోని రేషనూ ఆ ఇంటిదే. ఒక పని ఎందువల్ల జరిగిందో అదీ రీజనే, ఆ పని సబబని నిలబెట్టేదీ రీజనే, మనిషికున్న వివేకమూ రీజనే. రీజనబుల్ రేటు అని మనం బేరాల్లో వాడుకునేది న్యాయమైన ధర. మనకు కారణం, హేతువు, వివేకం, సబబు వేరువేరుగా ఉన్నాయి. లేని కారణానికైతే ఇంకా ఎక్కువే: సాకు, నెపం, వంక, మిష. నా కూతురు అడిగింది సబబు. నేను చెప్పింది కారణం, అదీ మా అమ్మమ్మ కాలం నాటిది. అసలు కారణం ఏమిటంటే, చీకట్లో కట్టర్ చప్పుడు వింటే “ఎవరే అది?” అని అమ్మమ్మ కేక వినబడుతుంది నాకు. దాన్ని ఐదో తరగతి వ్యాసంలో ఎక్కడ ఇరికించాలి?

పిల్లలను గదమాయించకండి, కారణం చెప్పి ఒప్పించండి అని నలుగురికీ సలహాలిచ్చేదాన్ని. ఇప్పుడు అంత ధీమాగా చెప్పలేను. వాట్సాప్‌లో మన ఆచారాలకు సైన్సు కారణాలు రోజూ వస్తుంటాయి, కొన్ని నేనూ దానికి వల్లించాను. ఆ కారణం చెల్లని రోజున ఆచారం కూడా చెత్తబుట్టలో పడుతుంది. మరోవైపు పుస్తకానికి కాలు తగిలితే కళ్ళకద్దుకోమని ఏ కారణమూ చెప్పకుండా నేర్పాను. అది ఇప్పుడు ట్యాబ్లెట్‌కు తగిలినా అద్దుకుంటుంది. ఎందుకు చేస్తున్నావని అడగాలని ఉంటుంది. అడిగితే ఆలోచించి మానేస్తుందేమోనని నోరు మూసుకుంటాను.

“ఊడిన పన్ను తలగడ కింద పెడితే దేవకన్య వచ్చి డాలరు పెడుతుందంటే రీజన్ అడగలేదే” అని ఒకసారి దెప్పాను. “డాలరే రీజన్. అయినా అది నువ్వే పెడతావని నాకు తెలుసు” అంది.

నిన్న రాత్రి గిన్నెలు తోముతుంటే నా చూపుడువేలి గోరు సగానికి విరిగింది. దుప్పటి కప్పుకుంటే దారాలకు తగులుకుంటోంది. తెల్లారేదాకా ఆగుదామనే అనుకున్నాను. చివరికి స్నానాల గదిలోకి వెళ్ళి, తలుపు వేసుకుని, చప్పుడు వినబడకుండా కుళాయి తిప్పి కత్తిరించాను.

“అమ్మా, ఏమి చేస్తున్నావు?”

“పళ్ళు తోముకుంటున్నాను” అన్నాను.