క్రూజ్ బుక్ చేయాలా, ఆగాలా? కాజీపేట నుంచి లెక్క వేస్తే

వరంగల్ నుంచి క్రూజ్‌కు పోవాలనుకునేవాళ్లు ముందు చూడాల్సింది సముద్రాన్ని కాదు, కేసముద్రాన్ని. 2024 సెప్టెంబర్ 1న ఇంటికన్నె, కేసముద్రం మధ్య వరదకు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయి కాజీపేట–విజయవాడ లైను రోజుల తరబడి ఆగిపోయింది. 2025 అక్టోబర్ చివర్లో మొంథా తుఫాను వానకు డోర్నకల్ స్టేషన్‌లో పట్టాలు మునిగాయి, రైళ్లు ఎక్కడివక్కడ నిలిచాయి. అలాంటి రోజున మీరు మహబూబాబాద్‌లో ఆగిన బోగీలో కూర్చొని ఉంటే చెన్నైలోనో వైజాగ్‌లోనో షిప్ మీ కోసం ఆగదు. కంపెనీ లెక్కలో అది ‘నో-షో’, అంటే మీరే రానట్టు. రీఫండ్ సున్నా.

అందుకే ‘ఇప్పుడు పరిస్థితి బాగుందా?’ అనే ప్రశ్నతో మొదలుపెడితే ఏమీ తేలదు. నాలుగు నెలల తర్వాత యుద్ధం ఉంటుందో, తుఫాను వస్తుందో ఎవరు చెప్తారు? తేలే ప్రశ్న ఒకటుంది: ఏ తేదీ దాటితే నా పైసలు ఎంత పోతాయి?

ఇది బుకింగ్ షరతుల్లో ఉంటుంది, చదివేవాళ్లు తక్కువ. ఒక ఉదాహరణ వేసుకుందాం. నలుగురి కుటుంబం, మొత్తం 1,60,000 రూపాయలు, జనవరి 10న షిప్. 60 రోజులకు ముందే రద్దు చేసుకుంటే 25 శాతం, ఆ తర్వాత 30 రోజుల ముందు వరకు 50 శాతం, 15 రోజుల ముందు వరకు 75 శాతం, అదీ దాటితే మొత్తం కోత అని రాసి ఉందనుకోండి. క్యాలెండర్ మీద పెడితే నవంబర్ 11 లోపు రద్దు చేస్తే పోయేది 40,000. డిసెంబర్ 11 లోపు 80,000. డిసెంబర్ 26 లోపు 1,20,000. ఆ తర్వాత 1,60,000. ఈ మూడు తేదీలకు రెండేసి రోజుల ముందు ఫోన్‌లో అలారం పెట్టుకోండి. సరిగ్గా ఆ రోజే ఆదివారం పడి ఏజెంట్ షట్టర్ దించి ఉంటే మీరు కింది మెట్టుకు జారినట్టే. రద్దు మాట ఫోన్‌లో చెప్పి ఊరుకోవద్దు, మెయిల్ పెట్టాలి, బుకింగ్ నంబర్ రాయాలి. ఏజెంట్ సర్వీస్ చార్జీ వేరేగా పోతుంది, అది ఎంతో ముందే అడిగి రాయించుకోండి.

మొదటి మెట్టులో పోయే ఆ 40,000 తలుచుకుంటేనే నిద్ర పట్టదంటే ఈ సీజన్‌కు బుక్ చేయకండి. ఇందులో మొహమాటం ఏం లేదు.

సింగపూర్ నుంచి బయలుదేరే పెద్ద విదేశీ కంపెనీల పద్ధతి కొంచెం వేరు. మొదట డిపాజిట్ తీసుకుంటారు, మిగతాది సాధారణంగా 75 నుంచి 90 రోజుల ముందు కట్టాలి. తక్కువ ధరకు చూపించే ఆఫర్లలో చాలావాటికి డిపాజిట్ తిరిగి రాదు. రోజులు బాగా లేనప్పుడు కొంచెం ఎక్కువైనా డిపాజిట్ వెనక్కి వచ్చే రేటే తీసుకోవాలి.

మీరు రద్దు చేస్తే ఒక కథ, వాళ్లు మారిస్తే ఇంకో కథ. వాతావరణం, యుద్ధం, పోర్ట్ మూత లాంటి కారణాలతో దారి మార్చే హక్కు టికెట్ షరతుల్లోనే వాళ్లు రాసుకుంటారు. ఒక ఊరు వదిలేస్తే సాధారణంగా ఆ ఊరి పోర్ట్ ఫీజు మాత్రమే వెనక్కి వస్తుంది, అది చిన్న మొత్తం. 2023 నవంబర్ నుంచి ఎర్ర సముద్రంలో ఓడల మీద దాడులు మొదలయ్యాక కొన్ని క్రూజ్ కంపెనీలు తమ ఓడలను ఆఫ్రికా చుట్టూ తిప్పాయి. టికెట్ కొన్నవాళ్లు చూడాలనుకున్న ఊర్లు పోయాయి, ప్రయాణం మాత్రం ‘జరిగింది’. కాబట్టి ఒక్క ఊరి కోసమే క్రూజ్ బుక్ చేయడం తెలివి కాదు. షిప్‌లో ఉండటమే మీకు ఇష్టమైతే బుక్ చేయండి.

మొత్తం ట్రిప్ వాళ్లే రద్దు చేస్తే రీఫండ్ ఇస్తామంటారు, లేదా తర్వాత వాడుకునే క్రెడిట్ ఇస్తామంటారు. ఎంచుకునే వీలుంటే రీఫండే అడగండి. క్రెడిట్ విలువ ఆ కంపెనీ బతికి ఉన్నంతవరకే. ముంబై నుంచి 2019లో కర్ణిక షిప్‌తో మొదలైన జలేష్ క్రూజెస్ 2020లోనే మూతపడింది, ఆ షిప్ అలాంగ్ తుక్కు యార్డుకు చేరింది. మనవాళ్లు సింగపూర్‌లో ఎక్కువగా ఎక్కిన డ్రీమ్ క్రూజెస్ మాతృసంస్థ జెంటింగ్ హాంకాంగ్ 2022 జనవరిలో చేతులెత్తేసింది. పైసలు ఏజెంట్ చేతిలో నగదుగా పెట్టకుండా క్రెడిట్ కార్డుతో కట్టడం ఇందుకే. ప్రయాణం జరగకపోతే బ్యాంకులో ఫిర్యాదు చేసే దారి ఒకటి మిగులుతుంది. హన్మకొండలో తెలిసినాయన దగ్గరే తీసుకున్నా సరే, షిప్ కంపెనీ ఇచ్చిన బుకింగ్ నంబర్ అడిగి, వాళ్ల సైట్‌లో మీ పేరు కనిపిస్తుందో లేదో మీరే చూసుకోండి.

ఇక నెల. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా నైరుతి వానలకు పడమటి తీరంలో షిప్ ఊగుతూ ఉంటుంది. బంగాళాఖాతంలో తుఫాన్లకు రెండు సీజన్లు: ఏప్రిల్ నుంచి జూన్, అక్టోబర్ నుంచి డిసెంబర్. నవంబర్ అన్నిటికంటే గండం. 2023 డిసెంబర్ 4న మిచౌంగ్ వల్ల, 2024 నవంబర్ 30న ఫెంగల్ వల్ల చెన్నై ఎయిర్‌పోర్టు మూసేశారు. చెన్నై, వైజాగ్ వైపు క్రూజ్ అయితే వాతావరణం వరకు జనవరి నుంచి మార్చి మంచిది. దసరా సెలవుల్లో పిల్లలు ఖాళీగా ఉంటారన్నది నిజమే, ఆ సెలవులు తుఫాన్ల మొదట్లో పడతాయన్నదీ నిజమే.

పోర్ట్ ఉన్న ఊరికి ఒక రోజు ముందే చేరాలి. అక్టోబర్–డిసెంబర్ అయితే రెండు రోజులు. వైజాగ్‌కు గోదావరి ఎక్స్‌ప్రెస్ సాయంత్రం వరంగల్‌లో ఎక్కితే తెల్లారేసరికి దింపుతుంది. చెన్నైకి రాత్రి రైళ్లున్నాయి. అదే రోజు మధ్యాహ్నం షిప్ కదా, పొద్దున దిగితే సరిపోతుంది కదా అనిపిస్తుంది. చెక్-ఇన్ షిప్ కదలడానికి గంటో గంటన్నరో ముందే మూసేస్తారు, రైలు నాలుగు గంటలు లేటైతే అంతే. పైగా రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుచుకుంటుంది. అంటే క్రూజ్‌కు పైసలు కట్టేనాటికి మీ చేతిలో రైలు టికెట్ ఉండదు. 60వ రోజు పొద్దున 8 గంటలకు ఐఆర్‌సీటీసీలో కూర్చోవడం కూడా ఈ ప్లాన్‌లో భాగమే. రైల్వేనే రైలు రద్దు చేస్తే ఆన్‌లైన్ టికెట్ పైసలు వాటంతటవే వస్తాయి. మూడు గంటలకు మించి లేటై మీరు ఎక్కకపోతే టీడీఆర్ (రీఫండ్ అడిగే దరఖాస్తు) వేయాలి. అయితే వచ్చేది రైలు పైసలే, క్రూజ్‌వి కాదు.

ముంబై, సింగపూర్ అయితే విమానం తప్పదు. మామునూరులో ఎయిర్‌పోర్టు వచ్చేదాకా మనకు శంషాబాదే దిక్కు, ఉప్పల్ ట్రాఫిక్ కలిపి నాలుగు గంటలు పెట్టుకోండి. 2025 డిసెంబర్ మొదటి వారంలో సిబ్బంది కొరతతో దేశంలో వేల విమానాలు రద్దయ్యాయి. అదే ఏడాది జూన్ 23న ఖతార్ తన గగనతలం మూసేస్తే గల్ఫ్ విమానాలు మధ్యలోనే వెనక్కి తిరిగాయి. దుబాయ్ నుంచి క్రూజ్ ఎక్కాలనుకునేవాళ్లు, గల్ఫ్‌లో ఉన్న బంధువులను చూసినట్టూ ఉంటుందని ఆ దారిని ఎంచుకునే జగిత్యాల, నిజామాబాద్ వాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. తిరుగు ప్రయాణంలో కూడా దిగే రోజు పొద్దుటి విమానం తీసుకోవద్దు. కస్టమ్స్, సామాను, వరుస అన్నీ అయ్యేసరికి మధ్యాహ్నం అవుతుంది.

కాగితాల్లో ఎక్కువమంది తప్పేది ఒకచోట: సింగపూర్‌లో షిప్ ఎక్కి మళ్లీ సింగపూర్‌లోనే దిగితే అది రెండో ప్రవేశం. వీసా మీద మల్టిపుల్ అని ఉందో లేదో చూడాలి. పాస్‌పోర్టుకు తిరిగొచ్చే తేదీ తర్వాత కూడా ఆరు నెలలు గడువు ఉండాలి. పది పాస్ కానివాళ్ల పాస్‌పోర్టు మీద ఈసీఆర్ (కొన్ని దేశాలకు ఉద్యోగానికి పోయే ముందు ప్రభుత్వ అనుమతి కావాలనే) ముద్ర ఉండొచ్చు. ఆ నియమం ఉద్యోగానికి పోయేవాళ్లదే, కానీ యూఏఈ, మలేషియా, థాయ్‌లాండ్ ఆ జాబితాలో ఉన్నాయి కాబట్టి ఇమిగ్రేషన్ కౌంటర్‌లో అడుగుతారు. రిటర్న్ టికెట్, క్రూజ్ కాగితం చేతిలో ఉంచుకోండి.

ఇన్సూరెన్స్ క్రూజ్ బుక్ చేసిన రోజే తీసుకోవాలి. తుఫానుకు పేరు పెట్టాక, యుద్ధం వార్తల్లోకి వచ్చాక కొంటే అది ‘తెలిసిన సంగతి’, దానికి పైసా రాదు. యుద్ధాన్ని చాలా పాలసీలు అసలే కలపవు. ‘భయమేసింది, పోలేదు’ అనేది మామూలు పాలసీల్లో కారణం కాదు. ఆసుపత్రిలో చేరడం, ఇంట్లో మరణం లాంటివి మాత్రమే లెక్క. విదేశీ ట్రిప్ అయితే కనీసం 50,000 డాలర్ల వైద్యం, అందులో షిప్ నుంచి ఆసుపత్రికి తరలించే ఖర్చు ఉండాలి. బీపీ, షుగర్ దాచి రాయించిన పాలసీ చిత్తు కాగితంతో సమానం. షిప్ డాక్టర్ బిల్లు నేరుగా మీ క్యాబిన్ ఖాతాలో పడుతుంది, ముందు మీరే కట్టాలి. మందులు వారం రోజులవి ఎక్కువ పెట్టుకొని చేతి సంచిలోనే ఉంచండి. పెద్ద సూట్‌కేస్ గదికి చేరేది సాయంత్రానికే. 2020 ఫిబ్రవరిలో యోకోహామాలో డైమండ్ ప్రిన్సెస్ షిప్‌ను ఆపేసినప్పుడు దాంట్లో 3,700 మందికి పైగా ఉన్నారు, ప్రయాణికులు రెండు వారాలు దాదాపు గదుల్లోనే ఉండిపోయారు. మందులు అయిపోవడం అప్పుడు ఒక కష్టం. ఇంటి ఆవకాయ మాత్రం గేటు దగ్గర తీసేస్తారు, సీలు వేసిన ప్యాకెట్ పచ్చడిని కొన్ని కంపెనీలు వదిలేస్తాయి.

ధర తగ్గుతుందేమోనని ముందు బుక్ చేయకుండా చివరి మూడు వారాల దాకా ఆగడం ఇద్దరే పోయే జంటలకు పనికొస్తుంది: జనవరి–మార్చి, వారం మధ్యలో, కిటికీ లేని లోపలి క్యాబిన్. నలుగురికి ఆ ఎత్తు పారదు. ముగ్గురు, నలుగురు పట్టే క్యాబిన్లు షిప్‌లో కొన్నే ఉంటాయి, అవే ముందు అయిపోతాయి. అవి దొరక్క రెండు గదులు తీసుకుంటే మూడో, నాలుగో మనిషికి ఇచ్చే తగ్గింపు పోయి నలుగురికీ పూర్తి రేటు పడుతుంది.